ఒక్క సూది మోషే

మా నాయన పేరు మోషే. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల గొర్రెలున్న ఊళ్ళలో ఉత్త మోషే అంటే ఎవరికీ తెలియదు. ఒక్క సూది మోషే అంటే మాత్రం మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెడతారు. ముప్పై నాలుగేళ్ళు గొడ్ల ఆసుపత్రుల్లో కాంపౌండరుగా చేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాడు. గొర్రెకు గజ్జి పట్టినప్పుడు ఆయన ఒక్కసారి వచ్చి ఒక్క సూది వేస్తే మళ్ళీ రావాల్సిన పని ఉండదని పేరు. ఆ పేరంటే ఆయనకు పెన్షన్ కన్నా ఎక్కువ. సినిమా హీరోకు కూడా అంత టెక్కు ఉండదని మా అమ్మ ఎగతాళి చేసేది.

ఆ ఒక్క సూదికి ఒక కారణం ఉంది. ఊళ్ళో మేత అయిపోగానే కాపరులు మందలు తోలుకుని కేసీ కాలువ కింద కోసిన వరిమళ్ళలోకో, నల్లమల అంచుకో పోతారు. ఈరోజు ఇక్కడున్న మంద పదిహేను రోజులకు ఎక్కడుంటుందో కాపరికే తెలియదు. రెండో సూది వేద్దామన్నా గొర్రె దొరకదు. పైగా కాంపౌండరు అదే రోగానికి రెండోసారి వచ్చాడంటే మొదటిసారి నీళ్ళు పొడిచి పోయాడని అనుమానం. అందుకని ఉన్న ఒక్కసారికే కాస్త గట్టిగా వేసి పంపేవాడు. తూకానికి కాటా కూడా వాడేవాడు కాదు. గొర్రెను రెండు చేతులతో ఎత్తి దించి "ఇరవై రెండు కిలోలు" అనేవాడు. సంతలో తూచి చూస్తే అరకిలో అటూ ఇటూగా అంతే ఉండేదట. మంద వెళ్ళిపోయాక గజ్జి మళ్ళీ వచ్చిందా లేదా అన్నది మాత్రం ఆయన చూసింది లేదు.

నిరుడు ఆగస్టులో మా అమ్మ మణెమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దగా అయింది. అప్పటి నుంచి మా నాయన పనంతా ఆమెతోనే. తెల్లవారగానే లేచి పొయ్యి ముట్టించాలి, ఆమెను మెల్లగా నడిపించి స్నానం చేయించాలి, చీర కట్టాలి, జడ వేయాలి. ఎద్దుల్నీ బర్రెల్నీ ఒడిసి పట్టిన చేతులు జడతో పడే పాట్లు చూస్తే నాకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఏడుపొచ్చేది. తర్వాత రెండూ రావడం మానేశాయి.

నా పేరు రమ్య. నంద్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆదివారం వస్తే బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా ఆళ్ళగడ్డ చేరి, బట్టలు ఉతికి, వారానికి సరిపడా పొడులూ పచ్చళ్ళూ చేసిపెట్టి సాయంత్రం బస్సుకు తిరిగి పోతాను. సోమవారం బోర్డు ముందు నిలబడితే కాళ్ళు లాగుతుంటాయి. నాకూ మా నాయనకూ మాటలు తక్కువ. ఇద్దరం అలసిపోయిన మనుషులమే. నోరు తెరిస్తే తగాదా అవుతుందని ఇద్దరికీ తెలుసు.

కుందేలు నా పుణ్యమే. మా పాప సుప్రజ అడిగిందని పుట్టినరోజుకు తెల్లది ఒకటి కొన్నాను. నాలుగు నెలలకు పిల్లకు మోజు తీరింది, పెంటికలు ఊడ్చే పని నాకు మిగిలింది. సెప్టెంబరులో ఒక ఆదివారం దాన్ని బుట్టలో పెట్టుకుని వచ్చి, "గొడ్ల ఆసుపత్రిలో పని చేసినావు కదా, చూసుకో" అని మా నాయన మీదికి తోసేసి పోయాను. అసలే తీరిక లేని మనిషికి ఇంకో పని అంటగట్టానని అప్పుడు అనిపించలేదు. అనిపించినా పట్టించుకునే ఓపిక లేదు.

అమ్మ చేతికి ఆ కుందేలే దిక్కయింది. పక్షవాతం వచ్చిన చేతికి మూసుకోవడం కష్టం కాదట, తెరుచుకోవడమే కష్టమట. అమ్మ కుడిచేతి వేళ్ళు పిడికిలిలా ముడుచుకుపోయి ఉండేవి. ఫిజియోథెరపీ చేసే హర్ష వారానికి రెండుసార్లు వచ్చి రకరకాలుగా చేయించినా ఆమెకు విసుగు. ఆయనిచ్చిన రబ్బరు బంతి మంచం కింద దొర్లుతుండేది. కుందేలు మంచం ఎక్కి ఒడిలో కూర్చుంటే మాత్రం, ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి దాని వీపు మీద పెట్టుకుని నిమరడానికి అవస్థ పడేది. గంటలు గంటలు అదే పని. అక్టోబరులో బొటనవేలు కదిలింది. క్రిస్మస్ నాటికి ఐదు వేళ్ళూ చాపి అరచెయ్యి మొత్తం దాని వీపు మీద ఆనించగలిగింది. "ఇట్లనే పోతే ఎండాకాలానికి నీళ్ళ గ్లాసు పట్టుకుంటారు" అన్నాడు హర్ష. మా నాయన ముఖంలో వెలుగు చూసి ఎన్ని నెలలైందో నాకు ఆ రోజు తెలిసింది.

కొత్త సంవత్సరం రోజు వెళ్ళినప్పుడు అమ్మ నల్లచీర మీద తెల్లగా పొట్టు రాలి ఉండడం చూశాను. కుందేలు మెడ వెనక, భుజాల మధ్య వెంట్రుకల్లో చుండ్రు. "చలికి తోలు పగిలింటాదిలే" అన్నాడు మా నాయన, కళ్ళు కూడా ఎత్తకుండా. వేరేవాళ్ళ గొర్రె అయితే పది గజాల దూరం నుంచే పసిగట్టేవాడు. సొంత ఇంట్లో, రాత్రంతా నిద్రలేని కళ్ళతో, చూసి కూడా చూడలేదు.

తర్వాతి ఆదివారానికి అది తల అదేపనిగా విదిలిస్తోంది. వెనక కాలితో చెవిని గోక్కుంటోంది. చెవి మడిచి చూస్తే లోపల గోధుమరంగు పెచ్చులు పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి. ముక్కు అంచున, కాలివేళ్ళ సందుల్లో సున్నం ఎండినట్టు తెల్లటి పొక్కులు. అప్పుడు లేచాడు మా నాయన. గొడుగు తెచ్చి ఎండలో తెరిచి పెట్టాడు. దాని నల్లగుడ్డ మీద కుందేలు వీపును దువ్వెనతో దువ్వాడు. రాలిన పొట్టును ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. గాలి లేదు. అయినా అందులో కొన్ని చుక్కలు మెల్లగా కదులుతున్నాయి.

"పురుగే," అన్నాడు. "చుండ్రు అయితే కదలదు."

ఇంతలో పక్కింటి వెంకటలక్ష్మమ్మ ఒక సీసా పట్టుకుని వచ్చింది. వాళ్ళ కుక్కకు పిడుదులకు కొట్టే మందు. "మా కుక్కకు ఒక్క దినంలో పోయినాయి. రెండు సార్లు కొట్టన్నా" అని మూత తీయబోయింది.

మా నాయన ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "కుక్క మందు కుందేలుకు పడదమ్మా! ఫిట్సు వచ్చి చస్తాది. ఎత్తకపో దాన్ని, ఇంట్లో కూడా పెట్టద్దు." ఆయన గొంతు అంత గట్టిగా విని చాలా కాలమైంది. నీళ్ళు పోసి కడగకూడదనీ, తడిస్తేనే కుందేలు బెదిరి ప్రాణం మీదికి తెచ్చుకుంటుందనీ కూడా చెప్పాడు. ఇవన్నీ తెలిసిన మనిషి. అందుకే ఆ తర్వాత జరిగినదాన్ని ఎవరి మీద వేయాలో ఇప్పటికీ నాకు తెలియదు.

కుందేలును రెండు చేతులతో ఎత్తి దించాడు. "రెండు కిలోలు" అన్నాడు. గొర్రెలకు వేసే మందునే షుగరువాళ్ళ సన్నసూదిలో కొలిచి, మెడ వెనక చర్మం పైకి లాగి వేశాడు. వారానికి చెవుల్లో పెచ్చులు రాలిపోయాయి. ముక్కు గులాబీరంగుకు తిరిగింది. "చూసినావా? ఒక్క సూది" అన్నాడు నాతో. ఆ మాటలో పాత ఠీవి వినిపించి నాకూ సంతోషమేసింది. మంచం కింద కుందేలు పడుకునే గోనెసంచి అలాగే ఉంది. దాని సంగతి ఆయనకూ గుర్తు రాలేదు, నాకూ రాలేదు.

జనవరి దాటకముందే గజ్జి మళ్ళీ వచ్చింది. ఈసారి ముక్కు మొత్తం పొక్కు కట్టింది, కనురెప్పలు ఉబ్బాయి, గడ్డి ముందు పెట్టినా వాసన చూసి తల తిప్పుకుంటోంది. అంతకన్నా నన్ను భయపెట్టింది అమ్మ చెయ్యి. ముంజేతి లోపలి వైపు ఎర్రటి దద్దుర్లు, అదీ ఎడమచేతికి. కుడిచేత్తో గోక్కోలేదు, ఎడమచేతికి అందదు. మంచం పట్టెకు రాసుకుని రాసుకుని చర్మం లేచిపోయింది.

ఆరు నెలలుగా మింగినదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"నీకు బుద్ధుందా నాయనా? మనిషిని చూసుకుంటాండావా, కుందేలును చూసుకుంటాండావా? అమ్మకు గజ్జి అంటించి ఒక్క సూది, ఒక్క సూది అని పేరు చెప్పుకుంటాండావ్!"

ఆయన పొయ్యి ముందు కూర్చుని అన్నం గంజి వారుస్తున్నాడు. తిరిగి ఒక్క మాట అని ఉంటే నేను ఆగేదాన్నేమో. కుందేలును అట్టపెట్టెలో వేసి, మూత కట్టి, సంచి భుజాన వేసుకున్నాను.

మంచం మీద నుంచి అమ్మ ముద్దగా అడిగింది. "దాన్ని... యాడికి ఎత్తకపోతాండావ్?"

"నయం చేయించి తెస్తానుమా" అన్నాను. అబద్ధం. మహానంది దారిలో తోట ఉన్నవాళ్ళకెవరికైనా ఇచ్చేద్దామని నా ఆలోచన. గజ్జి కుందేలును ఎవరు తీసుకుంటారు? అడిగిన ఇద్దరూ కాదన్నారు. అది మా బాల్కనీలో పెట్టెలోనే ఉండిపోయింది. పొద్దున ఇంత కొత్తిమీర, ఇంత నీళ్ళు పెట్టి స్కూలుకు పరిగెత్తేదాన్ని. దాని ముఖం చూడబుద్ధయ్యేది కాదు. పరీక్షల ముందు రోజులు, తర్వాతి ఆదివారం స్పెషల్ క్లాసులు. ఆళ్ళగడ్డకు పోలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం స్కూల్లో ఉండగా వాచ్‌మన్ వచ్చి మీ నాయన వచ్చాడని చెప్పాడు. గేటు దగ్గర వేపచెట్టు నీడలో మా నాయన. గడ్డం మాసి ఉంది. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. అమ్మ దగ్గర వెంకటలక్ష్మమ్మను కూర్చోబెట్టి వచ్చాడట.

"కుందేలు ఉండాదా?" అన్నాడు. నేను తలూపాను.

"మీ అమ్మ చెయ్యి మళ్ళా ముడుచుకుంటాండాది. చేత్తో తెరుద్దామన్నా రాలేదు. బంతి ఇస్తే విసిరికొడ్తాది. హర్ష చెప్పినాడు, ఇట్ల ఇంకో నెల పోతే బిగుసుకపోతాయంట, ఇంక తెరుచుకోవంట." మాసిన గడ్డం నిమురుకున్నాడు. "నా చేతి మందుకు తగ్గదు రమ్యా. మంచి డాక్టరు యాడుంటే ఆడికి పిల్చకపో."

ముప్పై నాలుగేళ్ళలో ఆయన నోటి వెంట అలాంటి మాట ఎవరూ విని ఉండరు. నాకు తిట్టినంత సిగ్గేసింది. సగం రోజు సెలవు రాసిచ్చి ఇంటికి తీసుకెళ్ళి, అట్టపెట్టె ఎత్తుకుని, ఇద్దరం ఆటోలో హిమజ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కుక్కలకూ పిల్లులకూ చూసే చిన్న క్లినిక్. ఆ అమ్మాయికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మా నాయన ఆమెను చూడగానే అలవాటుగా లేచి నిలబడ్డాడు.

ఆమె ముందు కుందేలును కాటా మీద పెట్టింది. ఒక కిలో మూడొందల యాభై గ్రాములు. మా నాయన వంగి ఆ అంకెను రెండుసార్లు చదివాడు. చిక్కిందనుకున్నా అంత తేడా ఉండదు. ఇరవై కిలోల గొర్రెకు అలవాటు పడిన చేయి ఇంత చిన్న ప్రాణాన్ని సరిగా తూచలేకపోయింది. రెండు కిలోల లెక్కన పడిన మందుకు అది బతకడమే అదృష్టం.

తర్వాత బ్లేడుతో ముక్కు పక్కన మెల్లగా గీకి, గాజుపలక మీద నూనెచుక్కలో కలిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చూసి, పక్కకు జరిగి, "మీరూ చూడండి సార్" అంది.

"నేనా మేడమ్?" అన్నాడు మా నాయన. "ఇట్లాంటి పలకలు ఎన్నో గీకి పంపినా. దాంట్లో ఏముందో చూడమని ఎవరూ చెప్పలా."

కళ్ళద్దాలు తీసి, ఒక కన్ను మూసి వంగాడు. చాలాసేపు లేవలేదు.

"కాళ్ళుండాయి దీనికి... కదుల్తాండాది. పక్కన గుండ్రంగా, కోడిగుడ్డు మాదిరి ఉండేదేంది మేడమ్?"

"గుడ్డే సార్. మన సూదిమందు పురుగును చంపుతుంది, గుడ్డును చంపలేదు. గుడ్లు పిల్లలయ్యాక రెండోది వేయాలి, మళ్ళీ రెండు వారాలకు మూడోది. మీరు రెండోది ఎప్పుడు వేశారు?"

"వేయలా." గోడకేసి చూస్తూ చెప్పాడు. "మా పక్క మందలు ఆగవు మేడమ్. ఒక్కసారే వేస్తాం."

"ఇది మంచం కింద ఉండే కుందేలు కదా సార్. ఎక్కడికి పోతుంది?" ఆమె వెక్కిరించలేదు, మామూలుగానే అడిగింది. మా నాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. మెల్లగా, "అట్లయితే నేను సూదేసిన గొర్రెలన్నీ..." అన్నాడు. ఆ వాక్యం పూర్తి కాలేదు. డాక్టరమ్మ కూడా పూర్తి చేయలేదు. చీటీ రాయడంలో పడింది. ఆమె మంచితనానికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మూడు సూదులు, పదిహేను రోజులకొకటి, ప్రతిసారీ కాటా మీద పెట్టి తూచాకే. చెవి పెచ్చులు గిల్లకూడదు, గిల్లితే రక్తం కారి నొప్పితో విలవిల్లాడుతుంది. మందుకు పురుగు చస్తే అవే ఊడతాయి. గోనెసంచి కాల్చేయాలి, పెట్టె మరిగే నీళ్ళతో కడిగి ఎండలో పెట్టాలి. ఈ పురుగు మనిషి ఒంటి మీద ఎక్కువ రోజులు బతకదు కాబట్టి కుందేలుకు తగ్గితే అమ్మ దద్దుర్లూ తగ్గుతాయి, అయినా ఒకసారి చర్మం డాక్టరుకు చూపించమంది. ఒడిలో పెట్టుకోవచ్చా అని మా నాయన అడిగాడు. రెండో సూది దాకా మధ్యలో తువ్వాలు వేసి, ఆ తువ్వాలు రోజూ వేడినీళ్ళలో ఉతకమంది. రోజూ ఉతకడమంటే ఆయనకు ఇంకో పని. "ఉతుకుతా మేడమ్" అన్నాడు.

ఆ రోజే మొదటి సూది వేయించి, సాయంత్రం బస్సుకు ముగ్గురం ఆళ్ళగడ్డ పోయాం, ఆయనా నేనూ కుందేలూ. అమ్మ పిడికిలి చూశాను. గోళ్ళు అరచేతిలో దిగబడి గీతలు పడి ఉన్నాయి. ఒడిలో తువ్వాలు పరిచి కుందేలును పెడితే, ఎడమచేత్తో ఆ పిడికిలిని ఎత్తి దాని మీద పెట్టుకుంది. తెరుచుకోలేదు. మూసిన పిడికిలితోనే అటూ ఇటూ రాస్తూ కూర్చుంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఫిబ్రవరి అలాగే ఈడ్చుకుంటూ గడిచింది. మా నాయన కిరాణా కొట్టు కాటా మీద కుందేలును తూచి, ఆ తూకం డాక్టరమ్మకు ఫోన్లో చెప్పి, ఆమె చెప్పిన గీత దాకా మందు లాగి రెండో సూది వేశాడు. ముక్కు బాగుపడింది. అది మళ్ళీ గడ్డి నమలడం మొదలుపెట్టింది. అమ్మ దద్దుర్లు మానిపోయాయి. కుందేలు కోలుకుంటున్న కొద్దీ మా నాయన మాత్రం చిక్కిపోయాడు. దారిలో కాపరులు కనబడి "ఒక్క సూది మోషే" అని పిలిస్తే పలకడం మానేశాడని వెంకటలక్ష్మమ్మ చెప్పింది.

మూడో సూది వేయాల్సింది మార్చి రెండో ఆదివారం. చర్చి నుంచి వచ్చి మందు సిద్ధం చేసుకున్నాడు. నన్ను పట్టుకోమన్నాడు. నేను పట్టుకుంటే అది తన్నింది. గట్టిగా పట్టుకుంటే ఇంకా తన్నింది.

"వదులు, నడుము విరుగుతాది దానికి" అని అరిచాడు. నేను వదిలేశాను. ఆయన సూది పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "నాతో కాదు రమ్యా. ఇంక నాతో కాదు." ఆ మాట సూది గురించి కాదని నాకు తెలుసు.

"ఈడ పెట్టు," అంది మంచం మీద నుంచి అమ్మ.

ఒడిలో పెట్టాను. తువ్వాలు లేదు, ఇక అవసరం లేదు. అమ్మ ఎడమచేత్తో కుందేలు కళ్ళు మూసింది. కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఎడమచేతి సాయం లేకుండా, చాలా నెమ్మదిగా లేచి, దాని వీపు మీద వాలింది. కుందేలు కదలలేదు. మా నాయన మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి మెడ వెనక చర్మం లాగి సూది వేశాడు. "అయిపాయ" అని, తల మంచం పట్టెకు ఆనించి అలాగే ఉండిపోయాడు.

నేను అమ్మ చేతినే చూస్తున్నాను. బొటనవేలు తెరుచుకుంది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు ఒకదాని తర్వాత ఒకటి తెల్లటి బొచ్చు మీద చాచుకున్నాయి. చిటికెనవేలు రాలేదు. క్రిస్మస్‌కు చక్కగా చాచిన వేలు అది. నేను కుందేలును ఎత్తుకుపోయిన ఆ పదకొండు రోజుల్లో బిగుసుకుంది. ఇంక అది రాకపోవచ్చని హర్ష చెప్పాడట. నాకు చెప్పొద్దని అమ్మ ఆయన దగ్గర మాట తీసుకుందట. అదంతా తర్వాత తెలిసింది.

అప్పుడు మాత్రం అమ్మ నా వైపు చూసి నవ్వింది. నవ్వుతూనే ఆ ముడుచుకున్న వేలు నాకు కనబడకుండా చేతిని మెల్లగా కుందేలు పొట్ట కిందికి జరుపుకుంది.